బందీ కాదు, దేహం

హెబియస్ కార్పస్ అనే లాటిన్ మాటను మన పౌరశాస్త్ర పాఠ్యపుస్తకాలు 'బందీ ప్రత్యక్షీకరణ' అని అనువదించాయి. వినడానికి ఇంపుగానే ఉంటుంది, సమాసమూ నిర్దుష్టమే. కాని ఈ అనువాదంతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. మూలంలో బందీ లేడు. ఉన్నది శరీరం. 'శరీరము నీవద్ద ఉండవలెను' అని విధ్యర్థకంలో పలికిన మాట అది. మనిషిని తీసుకొనివచ్చి న్యాయస్థానం ఎదుట నిలుపుము, ఎందుకు పట్టితివో చెప్పుము అని తాత్పర్యం. బందీ అన్నామంటే అతడు చెరలో ఉన్నాడని ఎవరో ఒప్పుకొన్నట్లే. ఏదో పుస్తకంలో పేరెక్కి ఉండాలి, ఏదో గదికి తాళం పడి ఉండాలి. శరీరానికి అవేవీ అక్కరలేదు. "మావద్ద అట్టివాడెవడూ లేడు" అని అధికారి బొంకినా సరే, నిలదీసి అడగదగిన ప్రశ్న ఒకటి మిగులుతుంది. మనిషి ఏడీ?

పంతులుగారి చాదస్తం అని బ్లాగ్మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. అయితే ఈ చిన్న ప్రశ్న అడిగే దారి మూసుకుపోయినప్పుడు మన దేశంలో ఏమేమి జరిగిందో కూడా ఒకసారి తలచుకోండి.

1975 జూన్ 25 రాత్రి 'ఆంతరంగిక కల్లోలం' పేరిట అత్యవసర పరిస్థితిని ప్రకటించారు. రెండు రోజులకు, జూన్ 27న, 359వ అధికరణం కింద రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. 14, 21, 22 అధికరణాలు ప్రసాదించిన హక్కుల అమలుకోసం ఏ వ్యక్తీ న్యాయస్థానాన్ని ఆశ్రయించరాదని దాని సారాంశం. హెబియస్ కార్పస్‌ను రద్దు చేస్తున్నామని అందులో లేదు. రిట్టును గోడకు పటంలాగ ఉండనిచ్చి, కోర్టు గుమ్మానికి గడియ పెట్టారు. 1971 నాటి 'మీసా' చట్టాన్ని కూడా వెంటనే సవరించి, నిర్బంధానికి కారణమేమిటో పట్టుబడినవాడికి చెప్పనక్కరలేకుండా చేశారు. అటుపిమ్మట ఆ చట్టం కింద చెరపడినవారు సుమారు 35 వేల మంది అని షా కమిషన్ లెక్క తేల్చింది. నేనప్పుడు ఉన్నత పాఠశాల విద్యార్థిని. గోడలమీద 20 సూత్రాల పథకం నినాదాలు కూడబలుక్కుని చదవడమూ, రైళ్లు వేళకు వస్తున్నాయని పెద్దలు మెచ్చుకోవడమూ తప్ప నాకేమీ తెలియదు.

అయినా తొమ్మిది ఉన్నత న్యాయస్థానాలు గడియ తీశాయి. ఉత్తర్వు ఉన్నా సరే, నిర్బంధం చట్టానుసారంగా జరిగిందా లేదా అన్నంతవరకు తాము విచారించవచ్చునన్నాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే జబల్పూరు అదనపు జిల్లా మేజిస్ట్రేటు కేసు. ఆ విచారణలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్ నీరేన్ డేను ఒక ప్రశ్న అడిగారు. 21వ అధికరణంలో స్వేచ్ఛ ఒక్కటే కాదు, ప్రాణం కూడా ఉంది కదా. ఒక పోలీసు అధికారి సొంత పగతో ఒక మనిషిని చంపివేస్తే, అప్పుడైనా కోర్టుకు రావచ్చునా? తన మనస్సాక్షి నొచ్చుకొన్నా, తన వాదన ప్రకారం అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం దానికి ప్రతీకారం లేదని డే జవాబిచ్చారు.

ఖన్నాగారి ప్రశ్న ఊహాజనితం కాదు. 1975 జూలైలోనే, అప్పటి మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎదురుకాల్పుల్లో మరణించారని మన పోలీసులు ప్రకటించి ఉన్నారు. ఎదురుకాల్పులు కావు, పట్టుకొని కాల్చినవేనని 1977లో తార్కుండే కమిటీ తేల్చింది.

తీర్పు 1976 ఏప్రిల్ 28న వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి రే, బేగ్, చంద్రచూడ్, భగవతి నలుగురూ ప్రభుత్వం పక్షం. ఖన్నా ఒక్కరు ఎదురు. ఆ నలుగురూ చట్టాన్ని ఉన్నదున్నట్లు చదివారే తప్ప చేసిన తప్పేమిటని వాదించే న్యాయవాదులు నేటికీ నాకు తారసపడుతుంటారు. రాజ్యాంగం 21వ అధికరణంలో ప్రాణ స్వేచ్ఛల హక్కును ఇచ్చింది, 359 దాని తలుపు మూయవచ్చునన్నది, మూశారు, ఇంకేమున్నది అంటారు. నేను న్యాయశాస్త్రం చదవలేదు. కాని వ్యాకరణం చెప్పి బతికినవాణ్ణి గనుక ఈ వాదం నాకు కొరుకుడు పడదు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో అచ్చయింది. అంతకుముందు తెలుగువాడు సంధి చేయలేదా? సూత్రం భాషను పుట్టించలేదు, ఉన్న భాషకు లక్షణం చెప్పింది. రేపు ఎవరైనా సంధి పరిచ్ఛేదాన్ని చింపివేస్తే రాముడు అతడు కలిసి రాముడతడు కాకుండా పోతాడా? ఖన్నా అన్నదీ ఇంచుమించు ఇదే. ప్రాణానికీ స్వేచ్ఛకూ 21వ అధికరణమే ఏకైక నిలయం కాదు. అది లేకపోయినా, చట్టం అనుమతించనిదే మనిషి ప్రాణం తీసే అధికారం రాజ్యానికి లేదు. ఇంత చెప్పినందుకు 1977 జనవరిలో ఆయనను దాటవేసి, ఆయనకన్న వెనుకటివారైన బేగ్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా ఇచ్చారు.

నిర్బంధితులను ప్రభుత్వం దాదాపు తల్లివలె సాకుతున్నదని బేగ్ తమ తీర్పులో రాశారు. ఆ మాట రాయడానికి ఎనిమిది వారాల క్రితం, 1976 మార్చి 1న, కాలికట్ రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి రాజన్‌ను పోలీసులు పట్టుకుపోయారు. కక్కయం శిబిరానికి తీసుకువెళ్లారు. తండ్రి ఈచర వారియర్ హిందీ అధ్యాపకుడు. కొడుకు ఏడీ అని ఆయన ఎక్కని గడప లేదు, రాయని అర్జీ లేదు. ఎవరూ అవునన్నది లేదు, కాదన్నది లేదు. బందీ ప్రత్యక్షీకరణ అందామంటే రాజన్ బందీ అని కాగితంమీద ఎక్కడా లేదు మరి! అత్యవసర పరిస్థితి తొలగిన కొద్ది రోజులకే, 1977 మార్చి చివర, ఆ తండ్రి కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. రాజన్‌ను పోలీసులు పట్టుకొన్నమాట నిజమేనని కోర్టు నమ్మింది, తెచ్చి చూపమన్నది. చూపలేకపోయారు. పోలీసుల అదుపులోనే చనిపోయాడని చివరకు ప్రభుత్వం ఒప్పుకొన్నది. అత్యవసర కాలంలో హోంమంత్రిగా ఉండి, అప్పుడే ముఖ్యమంత్రి అయిన కరుణాకరన్ ఏప్రిల్‌లో గద్దె దిగారు. ఈచర వారియర్ 2006లో కన్నుమూశారు. కొడుకు దేహం ఆనవాలు ఆయనకు ఆఖరువరకూ దొరకలేదు.

కోర్టు అడిగిన కొద్ది వారాలలో బయటపడిన నిజం అంతకుముందు ఏడాదికి పైగా ఎందుకు దాగింది? అడిగేవాడు లేకపోవడంచేతనే కదా. అత్యవసర పరిస్థితిలో ఈ రిట్టు ఆగిపోతే ఏమి నష్టం, నాలుగు నెలలు ఎక్కువ జైలులో ఉంటారు, అంతేకదా అనే పెద్దమనుషులకు నా సమాధానం ఇదే. జైలు గడువు పెరగడం ఇక్కడ చిన్న సంగతి. మనిషి ఉన్నాడో లేడో చెప్పవలసిన పూచీ ఎవరికీ లేకుండా పోతుంది.

పిదప దిద్దుబాట్లు జరిగాయి, కాదనను. 1978 నాటి 44వ సవరణ 20, 21 అధికరణాలను 359 చేతికి అందకుండా తప్పించింది. 'ఆంతరంగిక కల్లోలం' బదులు 'సాయుధ తిరుగుబాటు' అన్న మాట వచ్చింది. 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు జబల్పూరు తీర్పును కొట్టివేసింది. తప్పని రాసినవారిలో ఆనాటి చంద్రచూడ్‌గారి కుమారుడూ ఉన్నారు.

అయితే 2019 ఆగస్టులో జరిగినదాన్ని కూడా చెప్పుకోవాలి. కాశ్మీరులో గృహనిర్బంధంలో ఉన్న తమ పార్టీ నాయకుడు యూసుఫ్ తరిగామి కోసం మన తెలుగువారు సీతారాం ఏచూరి సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. ఆగస్టు 28న కోర్టు ఏచూరికి శ్రీనగర్ వెళ్లి తరిగామిని చూసిరావడానికి అనుమతి ఇచ్చింది. మరే పనీ పెట్టుకోకూడదని షరతు. తిరిగివచ్చి నివేదిక ఇవ్వాలి. అస్వస్థుడైన తరిగామిని సెప్టెంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌కు తరలించారు. ఆ మేరకు మేలే. కాని శరీరాన్ని మా ఎదుటికి తెండి అని పట్టుకొన్నవారిని అనవలసిన చోట, నీవే పోయి చూసి రమ్మని అడిగినవాణ్ణి పంపారు. అప్పుడు దేశంలో అత్యవసర పరిస్థితి లేదు, ఎవరూ ఏ అధికరణాన్నీ సస్పెండు చేయలేదు. దీనికి తెలుగులో ఏ సమాసం కూర్చాలో నాకు తోచడం లేదు. మిత్రులెవరికైనా తోస్తే రాయండి.