యంత్రశాస్త్రమునకు అక్షరాభ్యాసము

రానున్న అయిదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలలో 50,000 అటల్ టింకరింగ్ ల్యాబులను నెలకొల్పుదుమని 2025 ఫిబ్రవరి నాటి కేంద్ర బడ్జెటులో ఆర్థికమంత్రి ప్రకటించినారు. నీతి ఆయోగ్ ఆధ్వర్యమున 2016లో ఆరంభమైన యీ పథకము క్రింద సుమారు 10,000 పాఠశాలలకు ఇట్టి ప్రయోగశాలలు ఇదివరకే సమకూరినవి. ఆ పాఠశాలలకు ఇరువది లక్షల రూపాయల వరకు గ్రాంటు ఏర్పాటయినది. అందు సగము సామగ్రికి, సగము అయిదేండ్ల నిర్వహణకు. ఆరవ తరగతి మొదలు పన్నెండవ తరగతి వరకు గల బాలబాలికలు మోటార్లు, సెన్సర్లు, త్రీడీ ప్రింటరు మున్నగువానితో స్వయముగా వస్తువులను నిర్మింపవలెనని దీని ఉద్దేశము. ఆశయము మెచ్చదగినదే. కాని ఆ గది తెరచియుండునా, తాళము వేసియుండునా అనునది ఉపాధ్యాయలోకము విచారింపవలసిన విషయము.

చేతిపనిని చదువుతో జోడించుట మనకు క్రొత్త గాదు. 1937 అక్టోబరులో వార్ధా సమ్మేళనము నయీ తాలీమునకు పునాది వేసినది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవమును విద్యలో అంతర్భాగము చేయుమన్నది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘము సమాజోపయోగకరమైన ఉత్పాదక శ్రమ అన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిది వరకు తరగతులవారికి సంచి లేని పది దినములను సూచించినది. పేర్లు మారినవి, రాట్నమునకు బదులు సర్క్యూటు వచ్చినది. పరీక్ష మాత్రము మారలేదు. పరీక్షలో అడుగని విద్యకు టైము టేబిలులో చోటు నిలువదు.

ధనమొక్కటే దీనికి మందు కాదనుటకు హోషంగాబాదు విజ్ఞానబోధన కార్యక్రమమే తార్కాణము. మధ్యప్రదేశములో 1972లో అది పదునారు పాఠశాలలతో మొదలైనది. అచట పిల్లలు ప్రయోగము చేసి నేర్చిరి. పరీక్షయు పుస్తకము తెరచి వ్రాయునదిగను, ప్రయోగముతో కూడినదిగను మార్చబడినది. 1978లో అందు చేరిన ఇంజనీరు అరవింద్ గుప్తా సైకిలు వాల్వుట్యూబు ముక్కలను, అగ్గిపుల్లలను బోధనోపకరణములుగా చేసినారు. 2002లో రాష్ట్ర ప్రభుత్వము నిలిపివేయువరకు ఆ కార్యక్రమము ముప్పదియేండ్లు నడచినది.

ఆ పుల్లలనే తీసికొందము. నాలుగింటిని చతురస్రముగా కూర్చి ప్రక్కనుండి నొక్కిన అది ఒరిగిపోవును. మూడింటిని కూర్చిన త్రిభుజము కదలదు. భుజముల పొడవులు మారనంతవరకు దాని కోణములును మారవు. రాజమహేంద్రవరము, కొవ్వూరు నడుమ గోదావరిపై 1974 నాటి రోడ్డు-రైలు వంతెన ఉక్కుచట్రములో వరుసగా కానవచ్చు త్రిభుజముల రహస్యమిదియే. ఇంతవరకు ఇది విజ్ఞానము. చీపురుపుల్లలతో, దారముతో మూర పొడవు వంతెన కట్టి కిలో బరువు నిలుపుడని చెప్పి, ఎచట విరుగునో ముందుగా వ్రాయించి, విరిగినపిమ్మట మరల కట్టించిన అది ఇంజనీరింగు. డబ్బాతో వచ్చిన భాగములను సూచనపత్రము ప్రకారము బిగించుట మాత్రము ఇంజనీరింగు కాజాలదు.

విరుగుటలోనే పాఠమున్నది. కాని స్టాకు రిజిస్టరు విరుగుటను సహింపదు. కాలిపోయిన మోటారుకు సంజాయిషీ చెప్పుకొనవలసిన ప్రధానోపాధ్యాయుడు గదికి తాళము వేయుటలో ఆశ్చర్యమేమున్నది? కావున ఏటేట కొంత తరుగును నియమములలోనే అనుమతింపవలెను. వారమునకు వరుసగా రెండు పీరియడ్లు కేటాయింపవలెను. ఉపాధ్యాయులకు ఉపన్యాసములు గాక, చేతులతో చేయు శిక్షణ యొసగవలెను. విద్యార్థి వంతెన నిలిచినదా అనుదానికంటె, అది ఏల కూలినదో వ్రాసిన పుటకు మార్కులు వేయవలెను.

పదవ తరగతి ఫలితములు దెబ్బతినునని కొందరు శంకింపవచ్చును. ఓం నియమము పాఠ్యగ్రంథములలో ఉన్నదే. దానిని తీగెతో, బల్బుతో నేర్చిన బాలుడు పరీక్షలో మరచునా? 50,000 గదులకు సామగ్రి ప్రభుత్వము కొనగలదు. వానిని తెరచియుంచు ధైర్యమును మాత్రము నియమములు ఉపాధ్యాయునకు కల్పింపవలసియున్నది.