బటన్లు నేర్చుకోవడం నామోషీనా?

మనవాళ్ళకి ఒక జబ్బుంది. లక్షలు పోసి కెమెరా కొంటారు, డయల్‌ని ఆటో మీద పెడతారు, ఇక ఆ డయల్ జన్మలో కదలదు. అదేవిటండీ అంటే "అన్నీ అదే చూసుకుంటుంది బాసూ, మనకెందుకు తలనొప్పి" అంటారు. సరే, ఎవరి డబ్బు వాళ్ళిష్టం. కానీ ఇదే మనుషులు ఒక డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరా కనబడగానే "ఇంకా చేత్తో ఫోకస్ చేసుకోవడమేంటి, మ్యూజియంలో పెట్టండి" అని తీర్పు చెప్పేస్తారు చూడండి.. అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది.

నా గొడవ ఆటోఫోకస్ మీద కాదు. ఒక పనిముట్టుని నేర్చుకోవడానికి రెండు ఆదివారాలు ఖర్చుపెట్టడం కూడా నామోషీ అనుకునే బుద్ధి మీద. ఆ బుద్ధిని జనానికి అంటించింది మన సాఫ్ట్‌వేర్ వాళ్ళమే అని కూడా నా అభియోగం.

ముందు అసలు ఇందులో నేర్చుకోవలసింది ఎంతో చూద్దాం. మా రూమ్మేట్ దగ్గరున్న సెకండ్ హ్యాండ్ లైకా ఎం టైప్ 240 రెండు నెలలు నా చేతిలో ఉంది కాబట్టి గాల్లో మాట్లాడటం లేదు.

లెన్స్ మీద రెండు చక్రాలు: ఒకటి ఎపర్చర్, ఒకటి ఫోకస్. పైన షట్టర్ స్పీడు డయల్. దాన్ని 'ఎ' మీద పెడితే షట్టర్ స్పీడు కెమెరాయే ఎంచుకుంటుంది, అంకె మీద పెడితే మీ ఇష్టం. ఇవి కాక ఐఎస్ఓ. అంతే! రెండో మోడల్ ఫోన్‌లో అలారం పెట్టుకోవడానికి ఇంతకంటే ఎక్కువ వెతుక్కున్నాం మనం :)

ఇక ఫోకస్. వ్యూఫైండర్ మధ్యలో చిన్న చతురస్రం ఉంటుంది. అందులో బొమ్మ రెండుగా కనిపిస్తుంది, ఎందుకంటే కెమెరాకి రెండు కిటికీలు, వాటి మధ్య దాదాపు 7 సెంటీమీటర్ల దూరం. మన రెండు కళ్ళు దూరాన్ని అంచనా కట్టే లెక్కే ఇది. మీరు ఫోకస్ చక్రం తిప్పితే లెన్స్ వెనక భాగం కెమెరాలోని చిన్న రోలర్‌ని నెడుతుంది, ఆ రెండో బొమ్మ పక్కకి జరుగుతుంది. రెండూ ఒకటైన చోట ఫోకస్ కుదిరినట్టు. మధ్యలో కోడ్ లేదు, ఊహించడం లేదు. పదో తరగతి త్రికోణమితి, అంతే.

దీన్ని నేర్చుకునే పద్ధతి కూడా సులువే. నిలువు గీత మీద పెట్టండి: తలుపు అంచు, స్తంభం, కళ్ళజోడు కొస. అడ్డగీత మీద పెడితే ఏమీ తెలియదు, అప్పుడు కెమెరాని నిలువుగా తిప్పాలి. ప్రతీ ఫోటో తరవాత చక్రాన్ని అనంతానికి తెచ్చి ఆపండి. అప్పుడు ఎటు తిప్పాలన్న సందేహం ఉండదు, ఎప్పుడూ ఒకే వైపు. కొన్ని లెన్సులకి వేలు ఆన్చే చిన్న కొక్కెం ఉంటుంది. వారం తిరిగేసరికి కొక్కెం ఎక్కడుంటే ఎంత దూరమో వేలికే తెలిసిపోతుంది, వ్యూఫైండర్‌లోకి చూడకుండానే.

అసలు మజా అంకెల్లో ఉంది. 35 ఎంఎం లెన్స్‌ని ఎఫ్8 దగ్గర పెట్టి, దూరం 3 మీటర్లకి తిప్పి వదిలెయ్యండి. పాత లెక్క ప్రకారం సుమారు 1.9 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. సంతలోనో తిరునాళ్ళలోనో ఇక ఫోకస్ చెయ్యక్కర్లేదు, చూసి నొక్కడమే. ఏ ఆటోఫోకస్ అయినా ముందు వెతకాలి, ఇక్కడ వెతకడమే లేదు. ఇప్పుడు 50 ఎంఎం లెన్స్‌ని ఎఫ్1.4 దగ్గర తెరిచి, మీటరు దూరంలో అమ్మమ్మ మొహం తీయండి. స్పష్టంగా వచ్చే మందం 3 సెంటీమీటర్లు. ముక్కు మీద కుదిరితే కళ్ళు మెత్తబడతాయి. ఈ రెండు లెక్కలూ ఒంటబట్టినవాడికి ఏ కంపెనీ కెమెరా ఇచ్చినా, ఆఖరికి ఆటోఫోకస్ కెమెరా ఇచ్చినా, అది ఎందుకు తప్పిందో తెలుస్తుంది. పట్టనివాడు "కెమెరా సరిగ్గా తియ్యలేదు" అంటాడు.

ఈ జాతి కెమెరాల చరిత్ర మన వృత్తికి మంచి పాఠం. 2004లో ఎప్సన్ ఆర్-డి1 వచ్చింది, మొదటి డిజిటల్ రేంజ్‌ఫైండర్. ఫిల్మ్ లేకపోయినా షట్టర్‌ని సిద్ధం చెయ్యడానికి పాత కెమెరాలా లీవర్ తిప్పాలి. బ్యాటరీ, మిగిలిన ఫోటోలు పైనున్న ముళ్ళే చూపిస్తాయి. 2006లో లైకా ఎం8, 2009లో ఎం9. 2013లో టైప్ 240 వచ్చేసరికి లైవ్ వ్యూ, వీడియో, వీడియోకి విడిగా బటనూ చేరాయి. మరి తరవాత? 2017లో వచ్చిన ఎం10లో వీడియో తీసేశారు, తెర పక్క బటన్లు మూడుకి తగ్గించారు, ఐఎస్ఓకి పైన సొంత డయల్ ఇచ్చారు. మధ్యలో 2016లో తెరే లేని ఎం-డి కూడా అమ్మారు. ఒక ఫీచర్‌ని తీసేసి కొత్త వెర్షన్ అని రిలీజ్ చేసే ధైర్యం మన ప్రాజెక్టుల్లో ఎప్పుడైనా చూశారా? మనం మెనూలో ఇంకో వరస పెడతాం, దాని కింద ఇంకో మెనూ పెడతాం, పనైపోయిందని డెమో ఇస్తాం.

కట్, కాపీ, పేస్ట్ మనకి అలవాటు చేసినవాళ్ళలో ఒకడైన లారీ టెస్లర్ (2020లో పోయాడు) తన కారు నంబరు ప్లేటు మీద కూడా 'నో మోడ్స్' అని రాయించుకున్నాడు. ఒకే బటన్ ఒక్కోసారి ఒక్కో పని చేస్తే మనిషి తప్పు చేస్తాడు, ఆ తప్పు మనిషిది కాదని ఆయన వాదన. షట్టర్ డయల్ మీద 125 అని ఉంటే అది 125వ వంతు సెకనే. కెమెరా ఆఫ్‌లో ఉన్నా కనబడుతుంది. రేపు అప్‌డేట్ వచ్చినా మారదు.

"మరి వీఐ నిండా మోడ్లే కదా, దాన్ని నెత్తిన పెట్టుకుంటావుగా?" అని ఎవరో అడుగుతారని తెలుసు. మంచి ప్రశ్నే. 1976లో బిల్ జాయ్ రాసినప్పటి నుంచి ఇవాళ్టి దాకా వీఐలో డీడీ కొడితే లైను పోతుంది. నేర్చుకున్నది వృథా పోదు కాబట్టే జనం నేర్చుకున్నారు. ప్రతీ రిలీజుకీ బటన్ల చోట్లు మార్చేసి, ఆ పైన "యూజర్లకి నేర్చుకునే ఓపిక లేదు" అనడం మనకే చెల్లింది.

అవతలి పక్షం న్యాయం కూడా ఒప్పుకుంటాను. పరిగెత్తే పిల్లల్నీ, క్రికెట్టునీ తియ్యాలంటే కంటిని వెతికి పట్టుకునే ఆటోఫోకస్‌దే పైచెయ్యి. రేంజ్‌ఫైండర్ గట్టిగా దెబ్బ తింటే లెక్క తప్పుతుంది, సరిచేయించాలి. మామూలుగా 70 సెంటీమీటర్ల కంటే దగ్గరకి ఆ చతురస్రం పని చెయ్యదు. 2025లో లైకా కంపెనీయే రేంజ్‌ఫైండర్ తీసేసి ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌తో ఎం ఈవీ1 తెచ్చింది. కానీ గమనించారా, అందులోనూ ఫోకస్ చేత్తోనే!

ఇక ఎర్రచుక్క కెమెరా మెళ్ళో వేసుకుని తామే కళాకారులమని తిరిగే బ్యాచ్ ఒకటుంది. వాళ్ళతో నాకు పొత్తు లేదు. డయల్ వాడటం రాకుండా లైకా కొన్నవాడికీ, ఆటోలో వదిలేసినవాడికీ తేడా బ్యాంకు బ్యాలెన్సులోనే. నేను కొనమనడం లేదు, నేర్చుకోమంటున్నాను. మీ బీరువాలో పడున్న కెమెరాకి కూడా మాన్యువల్ ఫోకస్ ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని బయటికి తీసి, తెర ఆపేసి, 3 మీటర్లు అంటే ఎన్ని అడుగుల నడకో ముందు కాళ్ళతో కొలుచుకోండి.

అది కూడా బద్ధకమైతే మానెయ్యండి, ఎవరూ ఏమీ అనరు. సోమవారం ఆఫీసుకెళ్ళి మీ అప్లికేషన్‌లో ఎక్కువమంది వాడే పనికి ఎన్ని క్లిక్కులు పడుతున్నాయో ఒక్కసారి లెక్కపెట్టండి చాలు.