దోమలను తినే చేప – ఏ జాతి?

పెరటి కుంటలోనైనా ఊరి చెరువులోనైనా దోమల నివారణకు చేపలను వదలుట మంచి యోచనయే. అయితే ఏ చేపను వదలవలెను?

1928లో మన దేశానికి తెచ్చిన గంబూసియా స్వస్థలం ఉత్తర అమెరికా. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుమారు కోటి గంబూసియాలను జలాశయాలలో వదిలినట్లు వార్తలు వచ్చినవి. 2025 జనవరిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ గంబూసియా, గప్పీల వాడకంపై కేంద్రాన్ని వివరణ కోరినది.

కారణం స్పష్టం. గంబూసియా దోమ పిల్లలతో ఆగక, కప్ప గుడ్లను, తోకకప్పలను, ఇతర చేపల పిల్లలను సైతం భక్షిస్తుంది. గుడ్లు పెట్టక నేరుగా పిల్లలనే కంటుంది కనుక శీఘ్రంగా విస్తరిస్తుంది. వానలకు కుంట పొర్లితే వాగులో చేరుతుంది. సరిహద్దు వాగులో ఒక రాష్ట్రం వదిలిన చేప పొరుగు రాష్ట్రపు చెరువులకు సమస్య అవుతుంది.

తలపై తెల్లని చుక్కతో నీటి పైభాగాన తిరుగాడే చిన్న చేపలు మన కాలువలలోనే ఉన్నవి. అవియును దోమ పిల్లలను తింటవి. పెరటి కుంటకు సమీపపు కాలువ నుండి అట్టివి కొన్ని తెచ్చిన చాలును. కప్పలు పెరగవలెనన్న కుంటలో అసలు చేపలే వద్దు. ఇంటి తొట్టెలను వారానికొకసారి ఖాళీ చేసి ఆరబెట్టుకొనవచ్చును.

చేపలు పంచుటకు వచ్చినవారిని "ఇది ఏ జాతి?" అని గ్రామసభలోనే అడగవలెను.