యాజకుడు గోడను చూచిన దినము



ఈ నెల మీతో ఒక గోడను గురించి మాట్లాడదలచాను. అంతకంటె ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది.

2021వ సంవత్సరము నవంబరు నెలను మన ప్రాంతమువారెవరూ మరువలేరు. ఆ నెల 18వ తేదీన కురిసిన వర్షానికి తిరుపతి వీధులు ఏరులైనవి. స్వర్ణముఖి పొంగి పొరలింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయముతో దిగువ పల్లెలవారు పిల్లాపాపలతో ఇళ్ళు విడిచి వెళ్ళారు. చిత్తూరు వైపు కూడ వంకలు, చెరువులు నిండి పారినవి. వాన వెలిసిన తరువాత మనమందరమూ దేవుని స్తుతించాము. అయితే నీళ్ళు వీధులలోనుండి పోయినవి గాని, గోడలలోనుండి పోలేదు.

రెండు నెలలు గడిచాక, వంక పక్కనున్న ఒక పల్లెనుండి మా సంఘపు అవ్వ ఒకామె కబురు పంపింది. నేను వెళ్ళేసరికి ఆమె గడపలో కూర్చుని ఉన్నది.

"అయ్యగారూ, మా ఇంట్లో ప్రార్థన చేసిపోండయ్యా. మనవరాలికి రాత్రయితే చాలు రొమ్ములో పిల్లికూతలు. నిద్రే లేదు. పక్కింటోళ్ళు ఎవరో చేతబడి చేసినారని అంటా ఉండారు" అన్నది.

చేతబడికి భయపడవద్దని ధైర్యము చెప్పాను. అంతవరకు మంచిదే. అయితే అక్కడితో ఆగలేదు. లేవీయకాండము 14వ అధ్యాయము తెరిచి, గోడలో దాగిన కుష్ఠుపొడవలె ఇంటిలో దాగిన పాపము ఉండవచ్చును, మిమ్మును మీరే పరీక్షించుకొనవలెనని చెప్పాను. ఆ అవ్వ ఏడ్చింది. చనిపోయిన తన చెల్లెలితో ఎప్పుడో పొలము గట్టు విషయమై పడిన తగాదాను తలచుకొని, "నా పాపమే బిడ్డకు తగిలిందా అయ్యా?" అని అడిగింది. నేను ప్రార్థన చేసి, కాఫీ తాగి, బస్సెక్కి వచ్చేశాను. నా ఎదుటనున్న గోడను మాత్రము చూడలేదు.

మరుసటి నెలలో ఒక రాత్రి ఆ బిడ్డకు ఆయాసము ఎక్కువై పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్ళారు. డాక్టరు మందు ఇచ్చి మూడు ప్రశ్నలు అడిగాడట. "మీ ఇంట్లో చెమ్మ ఉన్నదా? గోడలకు బూజు పట్టిందా? వంట కట్టెల పొయ్యి మీదా?" ఆ ఇంటి కోడలు ఈ సంగతి చెప్పినప్పుడు నాకు తల వంచుకొనవలసి వచ్చింది. ఆ ప్రశ్నలలో ఒక్కటైనను నేను అడగలేదు. ఆ రాత్రి అదే అధ్యాయము 33వ వచనమునుండి చివరివరకు మళ్ళీ చదివాను. ఎన్నోసార్లు బోధించిన వాక్యభాగమే గాని, ఈసారి మేస్త్రి కన్నుతో చదివాను.

అందులో ఏమున్నది? గోడకు పొడ కనబడితే ఇంటి యజమానుడు వచ్చి యాజకునికి తెలియజేయాలి. యాజకుడు రాకముందే ఇల్లు ఖాళీ చేయాలి. పేదవాని కుండలు, చట్టులు, పరుపులు ఇంటితోపాటు అపవిత్రము కాకూడదని ఆ ఏర్పాటు. తరువాత యాజకుడు లోపలికి వెళ్ళి పచ్చని చారలా, ఎఱ్ఱని చారలా, అవి గోడ లోతుకు దిగినవా అని చూస్తాడు. వెంటనే తీర్పు చెప్పడు. ఏడు దినములు ఇల్లు మూసి ఉంచి, ఏడవ దినమున మళ్ళీ వచ్చి చూస్తాడు. పొడ వ్యాపించి ఉంటే ఆ రాళ్ళు ఊడదీయించి, చుట్టూ గోడ గీకించి, ఆ మన్ను ఊరి బయట పోయించి, వేరే రాళ్ళు పెట్టించి, కొత్త అడుసు పూయిస్తాడు. మళ్ళీ తిరగబెడితేనే ఇల్లు పడగొట్టవలెను. ఆ ఇంటిలో పండుకొన్నవారు, తిన్నవారు బట్టలు ఉదుకుకొనవలెను.

మన బైబిలులో కుష్ఠు అని ఉన్నది గాని గోడకు కుష్ఠురోగము రాదు గదా. ఆ హెబ్రీ మాటను చర్మానికి, బట్టకు, గోడకు కూడ వాడారు. గోడ విషయములో దానిని బూజు అని తర్జుమా చేసిన అనువాదాలు నేడు అనేకము ఉన్నవి. రెండు సంగతులు నన్ను నిలువరించినవి. మొదటిది, యాజకుడు ఆ యజమానుని నీవేమి పాపము చేశావని ఒక్క మాటయు అడగడు. అతడు చూచేది గోడను. రెండవది, పక్షులతో, హిస్సోపుతో చేసే ప్రాయశ్చిత్తము కూడ అక్కడ ఉన్నది. అయితే అది ఇల్లు బాగుపడిన తరువాత, బాగుచేయుటకు బదులుగా కాదు. నేను ఆ క్రమాన్ని తలకిందులు చేశాను.

తరువాత శనివారము సంఘములోని ఒక తాపీమేస్త్రిని వెంటబెట్టుకొని మళ్ళీ వెళ్ళాను. ముందు ఆ అవ్వకు క్షమాపణ చెప్పాను. తరువాత పడమటి గది ఖాళీ చేశాము. చెనిక్కాయల మూటలు, ట్రంకు పెట్టె, పాత పరుపు బయట పెట్టగానే గోడ కనబడింది. నేలనుండి నడుము ఎత్తువరకు నల్లగా, అక్కడక్కడ పచ్చగా బూజు. గుప్పున ముక్కిన వాసన. బిడ్డ పడుకొనేది ఆ గోడ పక్కనే. మేస్త్రి వెనుకకు పోయి చూస్తే వరదకు కొట్టుకొని వచ్చిన ఒండ్రు గోడకు ఆనుకొని రెండడుగులు పేరుకొని ఉన్నది. మిద్దె మీది నీళ్ళు పోయే గొట్టము పగిలి సరిగ్గా అక్కడే కారుతున్నది. చేతబడి చేసిన చెయ్యి ఇదే, ప్రియులారా!

ఆ ఇంటి బంధువు, చెన్నైలో పనిచేసే అబ్బాయి ఒకడు, "గాలిని పరీక్ష చేసేవాళ్ళు ఉన్నారు, పిలిపిస్తాను" అన్నాడు. ఈ పరీక్షను గురించి మనవారికి తెలియాలి. పెద్ద పట్టణాలలో ఇది ఒక వృత్తి. పరీక్షకుడు చిన్న పంపుతో కొలత ప్రకారము గాలిని పీల్చి ఒక డబ్బీలో పట్టుకొంటాడు. అందులో చిక్కిన బూజు బీజములను సూక్ష్మదర్శినిలో లెక్కిస్తారు. ఇంటి బయట గాలిని కూడ తీసి పోల్చి చూడాలి, ఎందుకంటే బయటి గాలిలోనూ అవి ఎప్పుడూ ఉంటాయి. గోడకు ఆనించి చెమ్మను చూపే మీటరు కూడ ఉంటుంది.

అయితే ఇన్ని బీజములవరకు క్షేమము, అంతకు మించితే ప్రమాదము అని అందరూ ఒప్పుకొన్న హద్దు ఏదీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మను, బూజును గురించి ఒక మార్గదర్శిని వెలువరించింది. చెమ్మ ఇళ్ళలో ఉండేవారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసము ఎక్కువని చెప్పింది గాని, బూజుకు ఒక సంఖ్య పెట్టలేదు. చెమ్మను నివారించండి, ఉంటే బాగుచేయండి అన్నది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మాట కూడ అదే. కంటికి బూజు కనబడుతూ ఉంటే చాలామట్టుకు పరీక్షతో పని లేదు. ఆ డబ్బు గొట్టము బాగుచేయుటకు ఖర్చు పెట్టండి. వాసన ఉండి మూలము దొరకనప్పుడు, లేదా డాక్టరు కోరినప్పుడు పరీక్షకు అర్థమున్నది.

ఇంకొక జాగ్రత్త. పరీక్ష చేసేవాడే బాగుచేసే పని కూడ తనకే ఇమ్మంటే ఆలోచించండి. మన తెలుగువారు ఎందరో స్థిరపడిన టెక్సాస్ రాష్ట్రములో, ఒకే ఇంటికి ఆ రెండు పనులూ ఒకే సంస్థ చేయకూడదని నియమమున్నది. లేవీయకాండములోనూ చూచేవాడు యాజకుడు, రాళ్ళు ఊడదీసేవారు వేరు.

మరి కొలిచే యంత్రముతో ప్రయోజనమే లేదా? ఉన్నది. కంటికి ఆననిదానిని అది చూపుతుంది. చెన్నైలోని శ్రీ రామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ గారు, తోటి పరిశోధకులు, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 3 జిల్లాలలో 412 పల్లెటూరి ఇళ్ళలో గాలిని కొలిచి 2004లో ఫలితాలు ప్రచురించారు. గ్యాసు వాడే ఇళ్ళలో ఘనపు మీటరు గాలికి సన్నని ధూళి 24 గంటల సగటున 73 మైక్రోగ్రాములు ఉంటే, కట్టెలు, పిడకలవంటివి వాడే ఇళ్ళలో అది 732 వరకు ఉన్నది. స్త్రీలలో ఎక్కువ పొగ పీల్చేది వంటచేసే వయస్సువారని తేలింది. అది మనము ఊహించగలము. పురుషులలో ఎక్కువ పీల్చేది ఎవరనుకొన్నారు? 65 ఏళ్ళు దాటి ఇంటిపట్టున కూర్చునే తాతలు! వారిని గురించి మనలో ఎవరమైనా ఎప్పుడైనా తలచామా? 1999లో దీపము పథకము ద్వారా, 2016నుండి ఉజ్వల ద్వారా గ్యాసు చాలా ఇళ్ళకు వచ్చింది. అయినా సిలిండరు మిగలబెట్టుకోవాలని నీళ్ళు కాచుటకు, పప్పు ఉడికించుటకు కట్టెల పొయ్యి రాజేసే ఇళ్ళు మన మధ్య లేకపోలేదు. ఆ పొయ్యిని పడుకొనే గదికి దూరముగా, బయట పెట్టండి.

ఇప్పుడు ఖర్చులేని పరీక్షలు కొన్ని చెబుతాను.

మొదటిది ముక్కు. బయట ఊరినుండి వచ్చి తలుపు తీసిన మొదటి క్షణములో ఏ వాసన వస్తుందో గమనించండి. లోపల ఉన్నవారికి అది అలవాటైపోతుంది.

రెండవది బొగ్గు. మచ్చ చుట్టూ బొగ్గుతో గీత గీసి, పక్కన తేదీ వ్రాయండి. ఏడవ దినమున చూడండి. గీత దాటిందంటే చెమ్మ ఇంకా లోపలికి వస్తున్నదని అర్థము.

మూడవది పాలిథీను కాగితము. జానెడు ముక్కను గోడకు నాలుగువైపులా టేపుతో గట్టిగా అంటించి రెండు దినములు ఉంచండి. కాగితము వెనుకవైపు, అనగా గోడవైపు, నీటి చుక్కలు కనబడితే చెమ్మ గోడలోనుండి వస్తున్నది. గదివైపు చుక్కలుంటే అది గదిలోని ఆవిరి. గాలి ఆడేటట్లు కిటికీలు తీయవలెను.

కారణము తీసివేసిన తరువాతనే శుభ్రము చేయండి. పొడి చీపురుతో ఊడ్చకూడదు, బీజములు ఇల్లంతా లేస్తాయి. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకొని, ఆయాసమున్నవారిని, చంటిబిడ్డలను బయటికి పంపి, సబ్బునీళ్ళలో తడిపిన గుడ్డతో తుడిచి, బాగుగా ఆరనివ్వండి. బ్లీచింగ్ పౌడరును, మరుగుదొడ్డి కడిగే యాసిడును ఎన్నడును కలపవద్దు. అందులోనుండి లేచే విషవాయువు ప్రాణము తీయగలదు. బూజు మీద రంగు వేయవద్దు, అది మళ్ళీ పైకి వస్తుంది. పాత మట్టిగోడలకు ప్లాస్టిక్ పెయింటుకంటె మన పెద్దల సున్నమే మేలు, గోడలోని చెమ్మ బయటికి ఆరిపోతుంది. బూజు పట్టిన చెనిక్కాయలు మనము తినకూడదు, పశువులకూ పెట్టకూడదు. ఆ బూజువలన పుట్టే విషము పాలలోకి కూడ దిగుతుంది.

భయమును గురించి ఒక మాట. 2021లో కరోనా తరువాత బ్లాక్ ఫంగస్ అనే మాట విని అందరము వణికాము. గోడమీద నల్లమచ్చ కనబడగానే ఆ జబ్బు వచ్చినట్టు కాదు. అది ముఖ్యముగా షుగరు అదుపులో లేనివారికి, స్టెరాయిడు మందులు ఎక్కువ వాడినవారికి వచ్చిన జబ్బు. ఒకరినుండి ఒకరికి అంటదు. గోడ మచ్చకు భయము అక్కర లేదు. అశ్రద్ధ మాత్రము కూడదు.

ఇక ఆ ఇంటి సంగతి. యౌవనస్థులు నలుగురు కలిసి ఒండ్రు తవ్వి తీశారు. మేస్త్రి గొట్టము మార్చి, గోడ పూత గీకి, వేసవి ఎండలో ఆరనిచ్చి, కొత్తగా పూసి సున్నము వేశాడు. పాత పరుపు తీసివేశారు. బిడ్డ మంచము తూర్పు కిటికీ కిందికి మార్చారు. పిల్లికూతలు పూర్తిగా పోలేదు. చలికాలములో ఇంకా డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరు వాడవలసి వస్తున్నది. అయితే రాత్రులు నిద్రపోతున్నది, బడికి పోతున్నది.

సున్నము ఆరిన తరువాత ఆ గదిలో ప్రార్థన పెట్టుకొన్నాము. అవ్వ గోడకు చెయ్యి ఆనించి చూచి, "చెమ్మ లేదయ్యా" అన్నది. కాసేపాగి, "అయితే ఆ పొద్దు నేను ఏడ్చింది నా చెల్లెలి కోసం అనుకుంటాను లే" అన్నది. నాకు జవాబు దొరకలేదు.

తోటి సేవకులారా, పెద్దలారా, ఇంటి ప్రార్థనకు వెళ్ళినప్పుడు కన్నులు మూసుకొనుటకు ముందు ఒకసారి తెరచి చూడండి. బిడ్డ ఎక్కడ పడుకొంటున్నదో, పొయ్యి ఎక్కడున్నదో, మూటల వెనుక గోడ ఎట్లున్నదో చూడండి. పాపమును గురించి మాట్లాడుటకు తరువాత సమయమున్నది. ప్రభువు మీ గృహములను, వాటిలోని చిన్నవారి ఊపిరిని కాపాడును గాక. ఆమేన్.