బొమ్మ ఇంటికి రంగు సరే... గదికి గాలేదీ?

మీ అబ్బాయి టేబుల్ మీద అరచేతిలో పట్టేంత పాడుబడ్డ ఇల్లు కనిపించిందా? గోడలు పగిలి, రేకుల మీద తుప్పు కారి, మూలల్లో నాచు పట్టి... కంగారు పడకండి, అదంతా రంగే. 1987లో బ్రిటన్‌లో మొదలైన వార్‌హ్యామర్ 40,000 లాంటి ఆటల్లో సైనికుల బొమ్మల మధ్య పెట్టే కట్టడాలవి.

‘ఈ వయసులో బొమ్మలేంటి’ అని విసుక్కునేవారితో నేను ఏకీభవించను. ముందు ముదురు రంగు వేయాలి. ఆరాక, దాదాపు పొడిగా తుడిచిన కుంచెతో అంచుల మీద లేత రంగు రుద్దాలి. పల్చటి గోధుమరంగు నీళ్లు ఇటుకల సందుల్లోకి పారాలి. తుప్పు మరకలు స్పాంజి ముక్కతో అద్దాలి. ఫోన్ పక్కన పెట్టి రెండు గంటలు కూర్చుంటే తప్ప కుదరని పని ఇది.

నా అభ్యంతరమల్లా గది గురించే. తలుపులు మూసి, ఏసీ వేసుకుని చేస్తారు. మన ఇళ్లలోని స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది. థర్మోకోల్‌ను వేడి తీగతో కోస్తే స్టైరీన్ ఆవిర్లు వస్తాయి. ప్రైమర్ స్ప్రేలో ఘాటైన ద్రావకాలుంటాయి. ఎండీఎఫ్ చెక్కను శాండ్‌పేపర్‌తో రుద్దితే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎప్పుడో ఓసారి చేసేవారికి పెద్ద ముప్పు ఉండకపోవచ్చు. ఉబ్బసం ఉన్న పిల్లలకు మాత్రం ఒక్క సాయంత్రం చాలు, ఆయాసం రావడానికి.

‘డబ్బా మీద నాన్‌టాక్సిక్ అని ఉంది కదా’ అంటారు. కుంచెతో వేసుకునేంత వరకే ఆ మాట నమ్మండి. అదే రంగును ఎయిర్‌బ్రష్‌తో తుంపరగా కొట్టి పీల్చడం వేరే సంగతి.

కుంచె మొనను పెదాలతో సన్నగా చేసే అలవాటు మరొకటి. 1920ల్లో అమెరికాలో గడియారాల డయళ్లకు రేడియం రంగు వేసిన అమ్మాయిలు ఇలాగే చేసేవారు. దవడ ఎముకలు కుళ్లి కొందరు చనిపోయారు. ఇప్పటి రంగుల్లో రేడియం లేదు, నిజమే. కొన్ని ఎరుపు, పసుపు రంగుల్లో క్యాడ్మియం మాత్రం ఉంటుంది. తడి టిష్యూ మీద తిప్పినా మొన అంతే సన్నగా వస్తుంది.

కోయడం, రుద్దడం, స్ప్రే కొట్టడం బాల్కనీలోకో మేడ మీదికో మార్పించండి. దుమ్ముకు ఎన్95 మాస్కు పనికొస్తుంది, స్ప్రే ఆవిరిని మాత్రం ఆపలేదు. పని అయ్యాక చీపురు పట్టొద్దు, తడిగుడ్డతో తుడవాలి. కుంచె పని గదిలోనే చేసుకోనివ్వండి, కిటికీ తీసి. తుప్పు ఎక్కడ కారాలో మీరూ ఓ మాట సాయం చేయొచ్చు. మేడ మీద నీళ్ల ట్యాంకు కింది మరకలు మీరు చూడనివా?