పేరయ్యను వేదాంతి అనరెందుకు?

ఆసియాలో క్రైస్తవం ఎదుర్కొంటున్న సవాళ్లను గురించి చర్చి పెద్దలు మాట్లాడినప్పుడల్లా పేదరికం, అన్య మతాలతో సహజీవనం, పరాయి మతమన్న ముద్ర ప్రస్తావనకు వస్తాయి. వీటికి జవాబు చెప్పే వేదాంతాన్ని ఎవరు రూపొందించాలన్న ప్రశ్న మాత్రం అరుదుగా వస్తుంది. నా దృష్టిలో అసలు సవాలు అదే.

పాదిరి కాని సామాన్య విశ్వాసి వేదాంతానికి ఏమిచ్చాడని అడిగితే మనవాళ్లు పండిపెద్ది చెంచయ్య పేరు చెబుతారు. ఆయన పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తి. 1938లో మద్రాసు నుంచి వెలువడిన ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ రచయితల్లో ముఖ్యుడు. ఆయన మేధపై నాకు ఫిర్యాదు లేదు. అయితే ఇంగ్లీషూ, న్యాయశాస్త్రమూ వస్తేనే సామాన్యుడు వేదాంతి అవుతాడా?

ఒంగోలు ప్రాంతపు యర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి. క్రైస్తవం స్వీకరించకముందే యోగ సాధన చేసినవాడు. 1860ల చివర బాప్తిస్మం పొంది, పల్లె పల్లెకూ నడిచి తన వాళ్లకు తన మాటల్లో క్రీస్తును చెప్పాడు. ఆ తొలి విశ్వాసుల నియమాలు మూడు: విగ్రహాలను పూజించరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, ఆదివారం పనికి పోరాదు. అమెరికన్ మిషనరీకి మూడోది పది ఆజ్ఞలలో ఒకటి. ఏడాదిలో ఒక్క రోజైనా తనది కాని మాదిగకు అది వెట్టిని నిరాకరించడం. జాతరకు డప్పు కొట్టబోమని పల్లె అన్నప్పుడు ఆ మాటలోని అర్థం ఊరి పెద్దలకు వెంటనే తెలిసింది. సెమినరీలకు తెలియడానికి వందేళ్లు పట్టింది.

1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూటి కోసం మతం మారారన్న నింద ఇప్పటికీ ఉంది. కరువులో బకింగ్‌హామ్ కాలువ పనులు ఇప్పించిన క్లౌ దొర ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడన్నది నిందించేవారు చెప్పరు. చర్చి మాత్రం ఏం చేసింది? వారి సంఖ్యను భద్రపరచింది, వారి ఆలోచనను వదిలేసింది.

కొరియా భిన్నంగా నడిచింది. 1970 నవంబరు 13న సియోల్‌లో 22 ఏళ్ల చున్ తే ఇల్ అనే దుస్తుల కార్మికుడు, క్రైస్తవుడు, కార్మిక చట్టాల అమలు కోరుతూ ఆత్మాహుతి చేసుకున్నాడు. ఆ మరణం వేసిన ప్రశ్నను ఆన్ బ్యుంగ్ ము వంటి పండితులు నెత్తికెత్తుకున్నారు. మిన్‌జుంగ్ వేదాంతం అలా ఎదిగింది.

మన దగ్గర 1981లో బెంగళూరులో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగం దళిత వేదాంతానికి బాట వేసింది. గొప్ప మలుపే. కానీ అది చాలావరకు ఇంగ్లీషు పాఠంగానే ఉండిపోయింది. పల్లె చర్చిలో ఆదివారం వినిపించదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు తలుపు తెరిచింది. క్రైస్తవ దళితులకు మూసే ఉంచింది. అందుకే మా పిల్లలకు బడి రిజిస్టరులో ఒక పేరు, చర్చి రిజిస్టరులో మరో పేరు. బాప్తిస్మంతో నేనెవరినయ్యానన్న ప్రశ్న ఇంత నగ్నంగా ఏ వేదాంత గ్రంథంలో ఉంది? దానిపై వేదిక మీది నుంచి ప్రసంగం విన్న గుర్తు నాకు లేదు.

మా నాయనమ్మకు అక్షరం రాదు. ‘పసుల కొట్టంలో పుట్టినోడివి, మా తోలు వాసన నీకు కొత్తా ప్రభువా?’ అని ప్రార్థించేది. ఈ మాటను మా సంఘ చరిత్రలో చేర్చమని ఒకసారి అడిగాను. పుస్తకం అచ్చయింది. మిషనరీల ఫొటోలు, పాస్టర్ల జాబితా, బాప్తిస్మాల లెక్క ఉన్నాయి.