మసీదు వైఫైకి తాళం ఉండాలి

హొళగుంద వంటి ఊళ్లలో పిల్లల చదువుల కోసం మసీదు కమిటీలు వైఫై పెట్టించాలన్నది మా కోరిక కూడా. అయితే దానిని పాస్‌వర్డ్ లేకుండా వదలరాదు. 2008 అహ్మదాబాద్ పేలుళ్ల వేళ ఉగ్రవాదుల ఈమెయిల్ నవీ ముంబయిలో ఒక అమెరికా పౌరుని వైఫై గుండా వెళ్లింది. పోలీసులు ముందుగా తట్టింది ఆయన తలుపే. ఆ తలుపు ఒక మదరసాది అయివుంటే?

కనుక రూటరును తాళమున్న గదిలో, ఎత్తున అమర్చండి. కంపెనీ ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను ఆనాడే మార్చండి. డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 భద్రతను ఎంచుకుని, డబ్ల్యూపీఎస్‌ను ఆపివేయండి. ఊరందరికీ ఇవ్వదలిస్తే 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి మేలు. దానికి లైసెన్సు గానీ, ప్రభుత్వ రుసుము గానీ అక్కరలేదు. ఎవరు వాడారన్న రికార్డు నిర్వాహక సంస్థ వద్ద ఉంటుంది. అనుమానం వచ్చిన రోజున ఇమాం గారి నోటిమాట చాలదు, ఆ రికార్డే కావాలి.